నేపాల్ పోతే రాఫ్టా, కయాకా?

దసరా సెలవులకు నేపాల్ పోతున్న మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, రాఫ్ట్ అయితే అందరూ ఎక్కుతరు. నేను కయాకే తోలుత." కొల్లాపూర్ మనిషి, సోమశిలలో పుట్టి మీద తిరిగినవాడు, ఆ ధైర్యం.

నేను రెండూ చేశాను. రాఫ్ట్ అంటే అందరూ కలిసి తెడ్డు వేసే గాలి రబ్బరు పడవ, కయాక్ అంటే ఒక్కరే తోలే సన్నటి పడవ. సోమశిల దగ్గర మనం చూసేది శ్రీశైలం బ్యాక్‌వాటర్. అక్కడ పుట్టి గిరగిరా తిరుగుతుంది గానీ నది మనల్ని లాక్కుపోదు. నేపాల్‌లోని త్రిశూలి నది లాక్కుపోతుంది. పైగా హిమాలయం నీళ్లు, కాలు పెట్టగానే జివ్వుమంటుంది.

రాఫ్ట్ సంగతి తొందరగా చెప్పేస్తాను. త్రిశూలి కాఠ్మాండు-పోఖరా హైవే పక్కనే పారుతుంది. పొద్దున చరౌడి దగ్గర ఎక్కితే మధ్యాహ్నానికి ఒడ్డున పడతాం. ఆరేడుగురు కూర్చుంటారు, వెనక గైడ్ "ఫార్వర్డ్" అని అరుస్తాడు, అందరూ తెడ్డు వేయాలి. నీటి ఉధృతిని 1 నుంచి 6 గ్రేడులుగా లెక్కిస్తారు. ఇక్కడ ఎక్కువగా 3 లోపే. ఈత రానివాళ్లూ లైఫ్ జాకెట్‌తో ఎక్కుతారు, కాకపోతే ఆ మాట గైడ్‌కు ముందే చెప్పాలి.

కయాక్‌లో ఆ గైడ్ ఉండడు, తప్పంతా మనదే. పడవలోకి నీళ్లు రాకుండా నడుము చుట్టూ స్కర్ట్ అనే తొడుగు బిగిస్తారు. బోల్తా పడితే తల నీళ్ల కింద, కాళ్లు పడవలో. అప్పుడు తెడ్డు, నడుము కలిపి విసిరి పైకి లేవాలి. దాన్నే రోల్ అంటారు. రాకపోతే స్కర్ట్ ముందున్న పట్టీ లాగి బయటపడాలి. ఇది ఒక్కరోజులో వచ్చేది కాదు. అందుకే నాలుగు రోజుల శిక్షణ: మొదట పోఖరాలో ఫేవా సరస్సు, తర్వాత సేతీ నది. సేతీ నీళ్లు కాస్త వెచ్చగా, నెమ్మదిగా ఉంటాయి. మొదటి రోజు నేను తాగిన నీళ్లకు లెక్క లేదు.

బావిలో మునగబెండ్లు కట్టుకొని ఈత నేర్చిన మనకు ఇంకో చిక్కుంది. నీళ్లలో పడగానే కాళ్లు కింద పెట్టి నిలబడాలనిపిస్తుంది. పారే నదిలో అదే ప్రమాదం. రాళ్ల మధ్య పాదం ఇరుక్కుంటే, ప్రవాహం మనిషిని ముందుకు తోసి ముంచేస్తుంది. వెల్లకిలా పడుకొని, కాళ్లు నీళ్లు పోయే వైపు చాచి, ఒడ్డు దొరికేదాకా తేలాలి. రాఫ్ట్ ఎక్కేవాళ్లకూ ఇదే చెబుతారు.

అందుకని నా ఓటు: మొదటిసారి, కుటుంబంతో, రెండు మూడు రోజులే అంటే రాఫ్ట్. ఈత బాగా వచ్చి, నాలుగు రోజులు కయాక్‌కే ఇవ్వగలిగితే సేతీ. టిబెట్ సరిహద్దు నుంచి దూకే భోటేకోసి నది జోలికి మాత్రం ఇప్పుడే వద్దు.

దసరా తొందరగా వచ్చిన ఏడాది వాన నీళ్లు ఇంకా తగ్గవు, నవంబరు నయం. దసరా అక్కడా పెద్ద పండగే, దశైం అంటారు, బస్సులు కిటకిటలాడతాయి. విమానానికి పాస్‌పోర్టు లేదా ఓటరు కార్డు పెట్టుకోండి, ఆధార్‌ను నమ్ముకోవద్దు.

బావమరిదికి ఇదంతా చెప్పాను. "అయితే రెండూ చేస్త" అన్నాడు. ముందు మీ బావిలో తలకిందులుగా మునిగి పది లెక్కపెట్టి చూడు, తర్వాత బుక్ చేద్దువు అన్నాను.