సున్నం పడ్డ కంటికి స్లెట్ ఆపరేషన్: ఏళ్లు గడిచాక నా అభిప్రాయం

చూపు మునుపటిలా వచ్చేస్తుందన్న ఆశతో స్లెట్‌కి (బాగున్న కంటి అంచు మూలకణాల్ని దెబ్బతిన్న కంటికి అతికించే ఆపరేషన్) వెళ్లేవాళ్లు కాస్త ఆగి చదవండి. ఆకివీడు దగ్గర రొయ్యల చెరువులో సున్నం చల్లుతుంటే గాలి తిరగబడి పొడంతా నా కుడికంట్లో కొట్టింది. బోరు పైపు కింద మొహం పెట్టించి చాలాసేపు కడిగారు, ఆముదం వేద్దామన్నవాళ్లని మా బావ తిట్టి ఆపాడు, కన్ను ఆ మాత్రమైనా మిగిలింది అందుకేనట. యాసిడ్ చాలావరకు పైపొరని గడ్డకట్టించి అక్కడే ఆగుతుంది, సున్నం లోపలికి దిగిపోతుంది, రెప్ప కింద నలుసు మిగిలితే కాలుస్తూనే ఉంటుంది.

నల్లగుడ్డూ తెల్లగుడ్డూ కలిసే అంచులో మూలకణాలు ఉంటాయి, కార్నియా (నల్లగుడ్డు ముందుండే పారదర్శక పొర) పైపొరని ఎప్పటికప్పుడు కొత్తగా తయారుచేసేది అవే. నాకవి చచ్చిపోయాయి, దాంతో తెల్లగుడ్డు పొర రక్తనాళాలతో సహా నల్లగుడ్డు మీదికి పాకేసింది. ఈ స్థితిలో నేరుగా కార్నియా మార్చినా నిలవదు.

స్లెట్‌లో బాగున్న కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, దాన్ని ఇంకా చిన్న ముక్కలు చేసి, దెబ్బతిన్న కంటి మీద మాయపొర (కాన్పులో బయటికొచ్చే మాయ నుంచి తీసిన పలచటి పొర) పరిచి, దానిమీద ఆ ముక్కల్ని జిగురుతో అతికిస్తారు. పైన కట్టులా ఒక కాంటాక్ట్ లెన్స్. ముందైతే కణాల్ని ల్యాబ్‌లో పెంచాల్సి వచ్చేది; ఆ అవసరం లేని ఈ పద్ధతిని 2012లో హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ ఆసుపత్రి డాక్టర్ సంగ్వాన్ బృందం ప్రచురించింది. కంట్లో వాపు, ఎరుపు చల్లబడేదాకా నెలల తరబడి ఆపరేషన్ చెయ్యరు, ఆ ఎదురుచూపే అసలు టెన్షన్.

ఇప్పుడు మంట లేదు, ఎండలో కన్ను తెరవగలను, గుడ్డు మీద ఎర్రపొర పోయింది. నాకు ఇదే పెద్ద లాభం. లోపలి మచ్చ మాత్రం అలాగే ఉంది, మనిషిని పోల్చుకుంటాను గానీ చెక్ ట్రే (చెరువులో మేత పెట్టి రొయ్యల్ని చూసుకునే పళ్లెం) పైకి లాగి రొయ్య గుల్ల మీద మచ్చలున్నాయో లేదో చూడాలంటే ఎడమకన్నే దిక్కు. ముక్క తీసిన ఆ కంటికి ఏ ఇబ్బందీ రాలేదు. విసుగంతా చుక్కల మందులతోనే: స్టెరాయిడ్ వాడినంతకాలం కంటి ప్రెషర్ చూపించుకోవాలి, పొడిబారకుండా కన్నీటి చుక్కలు ఇప్పటికీ జేబులోనే, చెరువు గట్టు మీద గాలికి ఇంకా ఎక్కువ వేసుకోవాలి.

పైపొర కుదురుకుంది కాబట్టి కార్నియా మార్పిడి ఇప్పుడు నిలిచే అవకాశం ఉందన్నారు. ఈసారి రొయ్యల పట్టుబడి అయ్యాక వెళ్లి మాట్లాడతాను.