హై వోల్టేజీ కొట్టిన బండి: రిపేరా కొత్తదా, స్టెబిలైజరా కటాఫా?

మైపాడు బీచ్ దగ్గర మా అక్కా బావా దోసెల బండి నడుపుతారు. తోపుడు బండి కాదు, టాటా ఏస్ వెనక కట్టించిన చిన్న వంటిల్లు. లోపల ఇన్వర్టరు, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ, చిన్న ఫ్రిజ్, మిక్సీ, ఎల్‌ఈడీ బల్బులు, డబ్బులు పడగానే మాట్లాడే సౌండ్ బాక్సు ఉంటాయి. కరెంటు మాత్రం పక్కనున్న రొయ్యల గుంటల షెడ్డు నుంచి వైరు వేసి తీసుకుంటారు. పోయిన నెల ఒక సాయంత్రం, కారం దోసె పెనం మీద ఉండగానే బల్బులు కళ్ళు చెదిరేట్టు తెల్లగా వెలిగాయి, ఎగ్జాస్ట్ ఫ్యాను రయ్యిమని తిరిగింది, ఇన్వర్టరులో టప్‌మని శబ్దం వచ్చింది, ఆ తర్వాత చీకటి, కాలిన వాసన. అక్క ఫోన్ చేసి "ఒరే, అన్నీ పోయాయిరా" అని ఏడ్చింది.

అన్నీ పోలేదు. కానీ ఏది బాగుచేయించాలి, ఏది పారేయాలి, మళ్ళీ ఇలా కాకుండా ఏం పెట్టాలి అని రెండు వారాలు తిరిగాను. ఇలా బయట ప్లగ్గు మీద ఆధారపడి బండి నడిపేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నా.

ఇందుకూరుపేట నుంచి వచ్చిన ఎలక్ట్రీషియను బండి ఎక్కకుండానే అడిగిన మాట: "ఏందబ్బయా, ప్లగ్గు పాయింటు చూడకుండానే ఇవన్నీ విప్పేశారా?" మల్టీమీటరు తీసి షెడ్డులో చూశాడు. ఫేజుకీ న్యూట్రలుకీ మధ్య 230 చుట్టూ ఉండాలి, ఫేజుకీ ఎర్తుకీ కూడా దాదాపు అంతే, న్యూట్రలుకీ ఎర్తుకీ మధ్య ఒకటో రెండో వోల్టులు. మాకు ఫేజు, న్యూట్రల్ మధ్య 340 పైన చూపించింది. షెడ్డుది త్రీ ఫేజ్ కనెక్షను. మెయిన్ బోర్డులో న్యూట్రల్ జాయింటు ఉప్పుగాలికి పచ్చగా చిలుము పట్టి విడిపోయింది. గుంటల నీళ్ళకు గాలి పట్టించే ఏరేటరు మోటార్లకు న్యూట్రలుతో పని లేదు కాబట్టి అవి మామూలుగానే తిరిగాయి, అందుకే షెడ్డులో ఎవరికీ తెలియలేదు. న్యూట్రల్ తెగితే రెండు ఫేజుల మధ్య ఉండే 400 వోల్టులు ఆ రెండు ఫేజుల మీదున్న లోడ్ల మధ్య పంచుకుంటాయి, తక్కువ లోడు ఉన్నవైపు ఎక్కువ వోల్టేజీ పడుతుంది. ఆ తక్కువ లోడు మా బండి. ఇది పిడుగు పడ్డట్టు క్షణంలో వచ్చిపోయేది కాదు, ఎవరో ఒకరు ఆపేదాకా అలాగే ఉంటుంది. ఏం కొనాలన్నది ఈ తేడా మీదే ఉంది, అందుకే ఇంత వివరంగా చెప్పాను.

ఇక రిపేరా, కొత్తదా. బల్బులు, సౌండ్ బాక్సు ఛార్జరు గురించి ఆలోచించొద్దు, కొత్తవి తీసుకోండి. 230 వోల్టుల కరెంటు లోపల డీసీగా మారితే 325 దాకా ఉంటుంది, 400 వస్తే అది 560 దాటుతుంది. లోపలి కెపాసిటరు తట్టుకునేది సాధారణంగా 400 లేదా 450. పైన ఉబ్బిందంటే పోయినట్టే. ఉబ్బకుండా పని చేస్తున్న ఛార్జరును కూడా నేను నమ్మను.

ఇన్వర్టరు దగ్గర మాత్రం తొందరపడి కొత్తది కొనకండి. షాపులో "బోర్డు పోయింది, కొత్తది 7,500" అన్నారు. నెల్లూరులో బోర్డులు బాగుచేసే ఒకాయన విప్పి నా చేతిలో పెట్టాడు. గాజు ఫ్యూజు లోపలంతా మసి. తీగ ఒక్కటే తెగి గాజు శుభ్రంగా ఉంటే మామూలు ఓవర్‌లోడు అట, లోపల నల్లబడితే గట్టి షార్టు. దాని పక్కన నీలం రంగు బిళ్ళ ఒకటి, రెండుగా పగిలి కాలిపోయింది. ఎంఓవీ అంటారు, వోల్టేజీ ఎక్కువైతే తాను షార్టయి ఫ్యూజును పోగొట్టి వెనకున్నవాటిని కాపాడుతుంది. ట్రాన్స్‌ఫార్మరు, మాస్‌ఫెట్లు (కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేసే భాగాలు) బాగున్నాయి. ఫ్యూజు, ఎంఓవీ, ఒక రిలే (కరెంటును కలిపి, విడదీసే చిన్న స్విచ్చు) మార్చి 1,800 తీసుకున్నాడు, 3 నెలలు చూసుకుంటానన్నాడు. నష్టం కరెంటు వచ్చే వైపే ఆగిపోయి ఉంటే రిపేరే మేలు. బోర్డు మీద రాగి గీతలు కాలి లేచిపోతే, లేదా ప్రాసెసరు దాకా పాకితే కొత్తదే మేలు, ఎందుకంటే అలాంటిది బాగైనట్టే ఉండి నెలకో సమస్య పెడుతుంది. ఒక్క జాగ్రత్త: ప్లగ్గు తీసినా కెపాసిటర్లలో ఛార్జి ఉంటుంది, అలవాటు లేనివాళ్ళు మూత విప్పకండి.

బ్యాటరీకి ఏమీ కాలేదు. కాసేపు వదిలేసి చూస్తే 12.6 వోల్టులు ఉంది. రిపేరు అయ్యాక ఛార్జింగులో 14.4 దాటకుండా ఉందో లేదో తప్పక చూడండి, 15 పైకి పోతుంటే ఇన్వర్టరును వెనక్కి తీసుకెళ్ళండి.

ఫ్రిజ్ దగ్గర నాకు ఎక్కువ టెన్షన్ పట్టింది. కంప్రెసరుకు మూడు పిన్నులుంటాయి. రెండేసి పిన్నుల మధ్య ఓమ్‌లు కొలిస్తే, చిన్న రెండూ కలిపితే పెద్దదానికి సమానం కావాలి, ఏ పిన్నుకీ బాడీకీ మధ్య కనెక్షను ఉండకూడదు. మాది సరిపోయింది, రిలే, ఓవర్‌లోడు ప్రొటెక్టరు మార్చితే తిరిగింది. కంప్రెసరే పోయుంటే, ఏడేళ్ళ ఫ్రిజ్‌కి కొత్త కంప్రెసరు వేయించేవాణ్ణి కాదు.

అసలు ప్రశ్న ఇప్పుడు: మళ్ళీ రాకుండా ఏది? బావ స్టెబిలైజరు కొందామన్నాడు. షాపాయన సర్జ్ ప్రొటెక్టరు ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు చూపించాడు. ఎంసీబీ ఉంది కదా, అది ఎందుకు పడలేదని అక్క అడిగింది. ఎంసీబీ చూసేది ఎంత కరెంటు లాగుతున్నామన్నది, వోల్టేజీ దానికి పట్టదు. ఆర్‌సీసీబీ లీకేజీని చూస్తుంది, షాకు కొట్టినా మనిషి ప్రాణం మీదికి రాకుండా అది ఉండి తీరాలి, కానీ దీనికి మందు కాదు. సర్జ్ బాక్సులో ఉండేది కూడా ఆ నీలం బిళ్ళే. క్షణకాలం వచ్చే దెబ్బను మింగుతుంది, 340 వోల్టులు నిమిషాల తరబడి ఉంటే అదే వేడెక్కి కాలిపోతుంది. స్టెబిలైజరు 270, 290 లోపలైతే సర్దుతుంది, అంతకు మించితే దాని సొంత బోర్డుకే దిక్కుండదు.

నేను పెట్టించింది ఓవర్-అండర్ వోల్టేజీ కటాఫ్. ఎంసీబీల పక్కనే పట్టీ మీద కూర్చుంటుంది, నాకు 1,100 పడింది. మాది 260 దాటినా, 180 తగ్గినా ఆపేట్టు సెట్ చేశాం. మళ్ళీ మామూలైనా మూడు నిమిషాలు ఆగి ఇస్తుంది, ఫ్రిజ్ కంప్రెసరుకు ఆ వ్యవధి అవసరం. కొనేటప్పుడు అది తాను 400 పైన తట్టుకుంటుందో లేదో పెట్టె మీద చూడండి, లేకపోతే ముందు అదే పోతుంది.

స్టెబిలైజరు వద్దని కాదు. లైను చివర ఉండే ఊళ్ళలో సాయంత్రం వోల్టేజీ పడిపోతుంటే ఫ్రిజ్‌కి అది కావాలి, కానీ కటాఫ్ తర్వాతే. ముందు కటాఫ్, దాని వెనక స్టెబిలైజరు, దాని వెనక ఫ్రిజ్. మా దగ్గర ఇప్పటికి కటాఫ్ ఒక్కటే ఉంది. మొన్న ఆదివారం రెండుసార్లు ఆపింది, రెండుసార్లూ 180 కిందకే పడింది. అక్క ఇన్వర్టరు కరెంటుతోనే బండి నడిపి దోసెలు పోసింది. వచ్చే నెల స్టెబిలైజరు కొంటున్నాం.