64 బిట్ల అంకెను ప్రింట్ చేయడానికి ఏది మేలు: ఎల్‌డీ, ఎల్ఎల్‌డీ, పీఆర్ఐడీ64?

సీ ప్రోగ్రామ్‌లో ఇంట్64_టీ (64 బిట్ల పూర్ణాంకం టైపు) వేరియబుల్‌లో 300 కోట్లు పెట్టి, అలవాటు కొద్దీ మామూలు ఇంట్ కోసం వాడే పర్సెంట్ డీతో ప్రింట్ చేస్తే మామూలుగా కనబడేది -1294967296. వేరియబుల్‌లో విలువ భద్రంగానే ఉంది. ప్రింట్ చేసే ఫంక్షన్ ప్రింట్‌ఎఫ్‌కి తన చేతికొచ్చింది ఏ టైపో తెలియదు, ఫార్మాట్ స్ట్రింగ్ (కోట్స్ మధ్య పర్సెంట్ గుర్తులతో మనం రాసేది) చెప్పిందే నమ్ముతుంది. డీ అనగానే కింది 32 బిట్లు మాత్రం తీసుకుంది. సీ భాష స్టాండర్డ్ దీన్ని అన్‌డిఫైన్డ్ బిహేవియర్ అంటుంది కాబట్టి ప్రతిసారీ ఇదే తప్పు అంకె వస్తుందన్న గ్యారంటీ కూడా లేదు.

మరి ఏది వాడాలి? చాలామంది ముందు పట్టుకునేది లాంగ్ టైపు అంకెలకి వాడే ఎల్‌డీ. 64 బిట్ లినక్స్‌లో లాంగ్ 64 బిట్లే, పని జరిగిపోతుంది. విండోస్‌లో లాంగ్ 32 బిట్లే. ల్యాబ్‌లో లినక్స్, ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్ ఉన్న స్టూడెంట్‌కి అక్కడే టెన్షన్ మొదలవుతుంది. ఎల్‌డీని నేను వద్దనే అంటాను.

పీఆర్ఐడీ64 మాక్రో (కంపైల్ అయ్యేటప్పుడు అసలు అక్షరాలుగా మారిపోయే పేరు) 1999 స్టాండర్డ్‌తో వచ్చింది, ఏ సిస్టమ్‌కి ఆ సిస్టమ్ సరైన అక్షరాలు తనే పెడుతుంది. పద్ధతిగా చూస్తే ఇదే కరెక్ట్. కానీ రాయడం చిరాకు: పర్సెంట్ గుర్తు పెట్టి కోట్స్ మూయాలి, మాక్రో పేరు రాయాలి, మళ్లీ కోట్స్ తెరవాలి. ఆ పర్సెంట్ మర్చిపోతే లినక్స్‌లో అంకెకు బదులు ఎల్, డీ అనే రెండు అక్షరాలే అచ్చవుతాయి.

నా ఓటు ఎల్ఎల్‌డీకి: విలువను లాంగ్ లాంగ్‌గా కాస్ట్ చేసి (అంటే టైపు మార్చి) ఎల్ఎల్‌డీతో ప్రింట్ చేయడం. లాంగ్ లాంగ్ కనీసం 64 బిట్లు ఉండి తీరాలని స్టాండర్డే చెబుతుంది, కాబట్టి విలువ ఎక్కడా తెగిపోదు. లైను చదవగానే అర్థమవుతుంది. కాస్ట్ మాత్రం మానేయకూడదు, ఎందుకంటే లినక్స్‌లో ఇంట్64_టీ అసలు టైపు లాంగ్. డాష్ డబ్ల్యూ ఆల్ అనే హెచ్చరికల ఆప్షన్ పెట్టి కంపైల్ చేస్తే జీసీసీ కంపైలర్ ఆ తేడాని వెంటనే చూపిస్తుంది.

ఇన్‌పుట్ చదివే స్కాన్‌ఎఫ్ దగ్గర ఈ కాస్ట్ కిటుకు పనిచేయదు, అక్కడ ఇచ్చేది విలువ కాదు, అడ్రస్. పర్సెంట్ డీ ఇస్తే అది 4 బైట్లే రాస్తుంది, మిగతా 4 బైట్లలో పాత చెత్త అలాగే ఉంటుంది. అక్కడ చదవడానికి ఉన్న ఎస్‌సీఎన్‌డీ64 మాక్రో వాడండి, లేదా ముందు ఒక లాంగ్ లాంగ్ వేరియబుల్‌లోకి ఎల్ఎల్‌డీతో చదివి, తర్వాత అసలు వేరియబుల్‌కి అసైన్ చేయండి.