ఫ్లాగు మారిన ప్రతిసారీ మేక్ క్లీన్ అక్కర్లేదు: నింజా సమీక్ష

శ్రీకాకుళం, విజయనగరం ఇంజనీరింగ్ కాలేజీల్లో సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టులు చేసే పిల్లలకు ముందుగా చెప్పాల్సిన బిల్డ్ టూల్ (సోర్స్ ఫైళ్లను కంపైల్ చేయించి ప్రోగ్రామ్ కట్టించేది) నింజా. ఎందుకంటారా? పాత బిల్డ్ టూల్ మేక్ కోసం చేత్తో రాసిన మేక్‌ఫైల్‌లో కంపైలర్‌కిచ్చే ఫ్లాగు (ఆప్షన్) మార్చండి, అంటే ఓ2 తీసి ఓ0 పెట్టి మేక్ కొట్టండి. చేయాల్సిందేమీ లేదంటుంది. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన మేక్ ఫైళ్ల టైమ్‌స్టాంపులే చూస్తుంది, ఏ ఫ్లాగులతో కంపైల్ చేసిందో గుర్తుపెట్టుకోదు. ఆ తర్వాత ఒక్క ఫైలు దిద్దితే అదొక్కటే కొత్త ఫ్లాగులతో కంపైల్ అవుతుంది. మారిన ఫ్లాగు ఒక డెఫినిషన్ అయి, స్ట్రక్చర్‌లో ఇఫ్‌డెఫ్ (ఆ డెఫినిషన్ ఉంటేనే చేరే కోడ్) కింద ఒక మెంబరు ఉందనుకోండి, రెండు ఆబ్జెక్టు ఫైళ్లు అదే స్ట్రక్చర్‌ని రెండు సైజుల్లో చూస్తాయి. ఆబ్జెక్టు ఫైళ్లను కలిపే లింకర్ కిక్కురుమనదు. ప్రోగ్రామ్ రన్ చేశాక, సంబంధం లేని చోట కూలుతుంది. అందుకే మేక్ క్లీన్‌తో పాత ఆబ్జెక్టులన్నీ చెరిపి మొదటినుంచి కంపైల్ చేస్తారు.

నింజా ప్రతి అవుట్‌పుట్‌కీ వాడిన కమాండు హ్యాష్‌ని (కమాండు నుంచి లెక్కగట్టిన గుర్తుని) తన లాగ్ ఫైల్లో రాసుకుంటుంది. కమాండు మారిన ఫైళ్లే మళ్లీ కంపైల్ అవుతాయి. సీమేక్ (మేక్‌కీ నింజాకీ కావాల్సిన ఫైళ్లు రాసిపెట్టే టూల్) తయారుచేసే మేక్‌ఫైళ్లు కూడా ఫ్లాగుల మార్పు పట్టుకుంటాయి గానీ, టార్గెట్ (కట్టే ప్రోగ్రామ్ లేదా లైబ్రరీ) మొత్తానికి ఒకే ఫ్లాగుల ఫైలు కాబట్టి ఒక సోర్సుకు డెఫినిషన్ మార్చినా టార్గెట్ అంతా కదులుతుంది, అంటే మళ్లీ కంపైల్ అవుతుంది. నింజాలో ఆ ఒక్క ఫైలే కదులుతుంది. అసలు లాభం ఇక్కడే ఉంది.

అయితే ఆ లాభం దక్కాలంటే డెఫినిషన్‌ని ప్రాజెక్టు మొత్తానికి పెట్టకూడదు. వెర్షన్ నంబరు లాంటిది దాన్ని వాడే ఒక్క సోర్సుకే, సోర్స్ ఫైల్ ప్రాపర్టీగా ఇవ్వాలి. కాన్ఫిగ్ హెడర్‌లో పెడితే నింజా కూడా ఏమీ చేయలేదు, ఆ హెడర్ కలుపుకున్నవన్నీ మళ్లీ మొదలే.

ఏ ఫైలు ఎందుకు కదులుతోందో తెలియకపోతే మైనస్ ఎన్, మైనస్ డీ ఎక్స్‌ప్లెయిన్ కలిపి నడపండి. కంపైల్ చేయకుండానే కారణం చెబుతుంది. ఇంత నిజాయితీగా జవాబిచ్చే బిల్డ్ టూల్ అరుదు.

లోపాలూ ఉన్నాయి. చివరి కమాండే గుర్తుంటుంది కాబట్టి డీబగ్ నుంచి రిలీజ్‌కి, మళ్లీ డీబగ్‌కి వస్తే రెండుసార్లూ పూర్తి కంపైలే. రెండు వేర్వేరు బిల్డ్ ఫోల్డర్లు పెట్టుకోండి, లేదా కంపైల్ ఫలితాలను దాచిపెట్టే సీకాష్‌ని తోడు చేయండి. పాత ఫ్లాగులకు తిరిగొస్తే సీకాష్ పాత ఆబ్జెక్టునే తీసిస్తుంది.

ఉబుంటులో ప్యాకేజీ పేరు నింజా-బిల్డ్. సీమేక్‌కి మైనస్ జీ నింజా అని ఇవ్వాలి, అదీ ఖాళీ ఫోల్డర్లో. పాత మేక్‌ఫైళ్లున్న ఫోల్డర్లో ఇస్తే, ముందు వాడిన జనరేటర్‌తో (ఏ టూల్‌కి ఫైళ్లు రాయాలో చెప్పే ఎంపికతో) కుదరలేదని సీమేక్ ఆగిపోతుంది. 4 కోర్ల మెషీన్‌లో నింజా తనంతట తాను 6 పనులు ఒకేసారి మొదలుపెడుతుంది. ర్యామ్ 4 జీబీయే ఉన్న ల్యాబ్ సిస్టమ్‌లో, టెంప్లేట్లు ఎక్కువున్న కోడ్‌కి అది బరువు. ఒకేసారి రెండు పనులే చేయమని మైనస్ జే 2 ఇచ్చి నడపండి.