చైనా సరిహద్దు సంగతి తెలియాలంటే ఎవరి మాట వినాలి: సైనికాధికారిదా, దౌత్యవేత్తదా, చరిత్రకారుడిదా?

గ్రూప్-1, సివిల్స్ అభ్యర్థులకు అంతర్జాతీయ సంబంధాలు బోధిస్తున్న ఇన్నేళ్లలో నన్ను విద్యార్థులు అన్నిటికన్నా ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఒకటుంది. ‘సార్, లడఖ్ విషయంలో రిటైరైన జనరల్ ఒకటి చెబుతున్నారు, మాజీ రాయబారి ఇంకొకటి చెబుతున్నారు, ఎవరిని నమ్మాలి?’ 2020 జూన్‌లో లడఖ్‌లోని గల్వాన్ లోయలో భారత, చైనా సైనికుల మధ్య ఘర్షణ జరిగిన తర్వాత ఈ ప్రశ్న దాదాపు ప్రతి తరగతిలోనూ వచ్చింది. అప్పుడు అమరుడైన కల్నల్ సంతోష్‌బాబుది సూర్యాపేట కావడంతో మా పిల్లలకు అది పరీక్షలో వచ్చే ప్రశ్నగా కాక, సొంత ఇంట్లో జరిగిన విషాదంగా తోచింది. 2024 అక్టోబరులో గస్తీపై ఒప్పందం కుదిరినట్లు ప్రకటన వెలువడ్డాక అదే ప్రశ్న మళ్లీ మొదలైంది. కొత్త బ్యాచ్‌కు మొదట ఎవరి రాతలు, ఎవరి ఉపన్యాసాలు ఇవ్వాలో ఈ మధ్య నేనే తేల్చుకోవలసి వచ్చింది కనుక, ఏ లెక్కన తేల్చుకున్నానో ఇక్కడ చెబుతున్నాను. ఇక్కడ పదేపదే వచ్చే వాస్తవాధీన రేఖ అంటే, ఒప్పుకున్న సరిహద్దు లేనిచోట భారత్ ఆధీనంలోని నేలనూ చైనా ఆధీనంలోని నేలనూ వేరుచేసే రేఖ.

ముందుగా మాజీ సైనికాధికారుల సంగతి. నేల స్వరూపం గురించి వీరు చెప్పినంత స్పష్టంగా మరెవరూ చెప్పలేరు. 2020 ఆగస్టు 29, 30 తేదీల మధ్య రాత్రి మన సైన్యం పాంగాంగ్ సరస్సుకు దక్షిణాన కైలాస్ శ్రేణిలోని రెజాంగ్ లా, రెచిన్ లా ఎత్తులను చేజిక్కించుకుంది. పత్రికల్లో చదివినవారికి అవి నోరు తిరగని పేర్లుగానే మిగిలాయి. ఆ శిఖరాల మీది నుంచి చూస్తే కింద స్పాంగూర్ సందు, అవతల చైనా వారి మోల్డో స్థావరం కనబడతాయనీ, చర్చల బల్ల దగ్గర మన పక్షానికి కొత్త బలం వచ్చింది అందువల్లేననీ మనకు అర్థమయ్యేలా చెప్పింది సైనికాధికారులే. ఉత్తర కమాండ్‌కు సారథ్యం వహించిన హెచ్.ఎస్. పనాగ్, డి.ఎస్. హుడా వంటివారి విశ్లేషణలను నేటికీ నా తరగతిలో చదివిస్తాను. 2021 ఫిబ్రవరిలో ఇరుపక్షాలూ పాంగాంగ్ ప్రాంతం నుంచి వెనక్కి తగ్గినప్పుడు, లడఖ్‌లోనే ఉన్న మరో వివాదాస్పద ప్రాంతం దెప్సాంగ్ సంగతి తేలకుండానే ఆ ఎత్తులు వదులుకోవడం సరైనదేనా అన్న చర్చ సాగింది. ఆ చర్చలో ఏ వైపు నిలబడాలన్నా ఆ కొండల విలువ ముందు తెలియాలి.

అయితే సైనికుడి ప్రశ్న ఎప్పుడూ ‘ఈ చోటును నిలబెట్టుకోగలమా?’ అన్నదే. అది సహజం, అవసరం కూడా. ‘అవతలివాడు ఈ చోటే ఎందుకు ఎంచుకున్నాడు, ఇప్పుడే ఎందుకు వచ్చాడు?’ అన్న ప్రశ్నకు వచ్చేసరికి మాత్రం వీరిలో చాలామంది జవాబు ఊహగానంలోకి జారుతుంది. ప్రభుత్వానికీ ఈ పరిమితి తెలుసు. కోర్ కమాండర్ల స్థాయి చర్చల ఆరో విడత 2020 సెప్టెంబరు 21న మోల్డోలో జరిగినప్పుడు, విదేశాంగ శాఖ సంయుక్త కార్యదర్శి ఒకరు సైనికాధికారుల సరసన తొలిసారి కూర్చున్నారు.

చరిత్రకారుల దారి వేరు. వారికి ఏ ఒప్పందాన్నీ సమర్థించుకోవలసిన అవసరం లేదు, ఏ పోస్టునూ కాపాడిన జ్ఞాపకం లేదు. 2020 సెప్టెంబరులో చైనా విదేశాంగ శాఖ హఠాత్తుగా ‘1959 నాటి వాస్తవాధీన రేఖ’ అనే మాట ఎత్తినప్పుడు, అది 1959 నవంబరు 7న చైనా ప్రధాని చౌ ఎన్‌లై నెహ్రూకు రాసిన లేఖ నుంచి వచ్చిందని వెంటనే గుర్తుపట్టగలిగింది ఈ చరిత్ర చదివినవారే. ఆ రేఖను ఏనాడూ అంగీకరించలేదని భారత్ అదే నెలలో స్పష్టం చేసింది. ఆ లేఖ సంగతి తెలియనివారికి ఈ వాగ్వాదంలో తల, తోక కనబడవు. ఇబ్బందల్లా చరిత్రకారుడు కాగితం దొరికిన చోటివరకే నడవగలగడం. 1962 యుద్ధంపై హెండర్సన్ బ్రూక్స్ నివేదికనే ప్రభుత్వం ఈనాటికీ అధికారికంగా బయటపెట్టలేదంటే, 2020 నాటి కాగితాల కోసం ఎన్నాళ్లు ఆగాలో ఊహించుకోవచ్చు.

ఇక మాజీ దౌత్యవేత్తలు. నా మొగ్గు వీరివైపే ఉందని దాచను. దానికి కారణం వీరి హోదా కాదు. ఈ సరిహద్దు మీద కంచె లేదు, రాళ్లు పాతలేదు, ఇరుపక్షాలూ ఒప్పుకున్న పటమూ లేదు. ఉన్నవి మాటలు మాత్రమే. ఆ మాటలను ఇరుపక్షాలూ ఎలా చదువుకుంటున్నాయో చెప్పగలిగినవారే ఈ వివాదాన్ని మనకు తెలియజెప్పగలరని నా నమ్మకం. నా దృష్టిలో మిగతా ప్రమాణాలన్నీ దీని తర్వాతే వస్తాయి. శివశంకర్ మీనన్, నిరుపమా రావు, విజయ్ గోఖలే ముగ్గురూ బీజింగ్‌లో రాయబారులుగా పనిచేసి, తర్వాత విదేశాంగ కార్యదర్శులైనవారు. మీనన్ 1993 ఒప్పందం తయారీలో స్వయంగా పాలుపంచుకున్నారు. మన పి.వి. నరసింహారావు ప్రధానిగా బీజింగ్ వెళ్లినప్పుడు, ఆ ఏడాది సెప్టెంబరు 7న కుదిరిన ఆ ఒప్పందంతోనే వాస్తవాధీన రేఖ అన్న మాట రెండు దేశాల మధ్య రాతపూర్వకంగా స్థిరపడింది.

ఒక్క ఉదాహరణ దగ్గర కాసేపు ఆగుతాను. గల్వాన్ ఘర్షణ తర్వాత దేశమంతా అడిగిన ప్రశ్న, మన జవాన్లు తుపాకులు ఎందుకు వాడలేదని. సరిహద్దు విధుల్లో ఉన్నవారి దగ్గర ఆయుధాలు ఎప్పుడూ ఉంటాయనీ, రెండు దేశాలూ 1996, 2005లలో చేసుకున్న సరిహద్దు ఒప్పందాలను అనుసరించి ఎదురుపడ్డ సందర్భాల్లో వాటిని వాడకపోవడం చాలాకాలంగా ఆనవాయితీ అనీ విదేశాంగ మంత్రి జైశంకర్ జూన్ 18న చెప్పారు. ఆయన కూడా బీజింగ్‌లో రాయబారిగా పనిచేసినవారే. ఆ ఒప్పందాలు సరిహద్దు నిర్వహణకు సంబంధించినవే గానీ, సైనికుల ప్రాణాలకు ముప్పు వచ్చినప్పుడు అక్కడున్న కమాండర్ ఏ ఆయుధమైనా వాడవచ్చని జనరల్ పనాగ్ దానికి బదులిచ్చారు. ఎవరిది నిజం? నా విద్యార్థులకు నేను ఇద్దరి మాటలూ పక్కన పెట్టించి, 1996 ఒప్పందం ప్రతినే చేతికి ఇస్తాను. అందులో మొత్తం పన్నెండు అధికరణలే ఉన్నాయి.

ఆరో అధికరణ మొదటి పేరాలో, రేఖకు రెండు కిలోమీటర్ల లోపు కాల్పులు జరపకూడదని ఉంది. అదే వాక్యంలో ప్రమాదకర రసాయనాలు వాడకూడదని, పేలుళ్లు జరపకూడదని, తుపాకులతో వేటాడకూడదని కూడా ఉంది. అంటే ఈ పేరా రాసినవారి మనసులో ఉన్నవి రోజువారీ నిర్వహణ, పొరపాట్ల నివారణ. ఇక్కడ జనరల్ వాదనకు బలం చేకూరుతుంది. అదే అధికరణ నాలుగో పేరాకు వస్తే, రేఖ ఎక్కడుందన్న తేడాల వల్ల గానీ, మరే కారణం వల్ల గానీ ఇరుపక్షాల సిబ్బంది ముఖాముఖి తలపడే పరిస్థితి వస్తే సంయమనం పాటించాలని, పరిస్థితి ముదరకుండా అన్ని చర్యలూ తీసుకోవాలని ఉంది. ఆనవాయితీ అని మంత్రి చెప్పిన మాటకు ఇది ఆధారం. ఈ రెండు పేరాలూ చదివాక తరగతి రెండుగా చీలిపోతుంది. అప్పుడు పదో అధికరణ తెరవమంటాను. ఈ ఒప్పందంలోని కొన్ని నిబంధనల పూర్తి అమలు, రేఖ ఎక్కడుందన్న విషయంలో ఇరుపక్షాలకూ ఉమ్మడి అవగాహన కుదరడంపైనే ఆధారపడి ఉంటుందని అక్కడ రాసి ఉంది. పరిష్కారం దొరకకపోయినా శాంతి కావాలనుకున్నవారు ఎంత ఆలోచించి రాసుకున్నారో, ఎంత రాయకుండా వదిలేశారో ఆ ఒక్క వాక్యంలో కనబడుతుంది. టీవీ చర్చల్లో ఈ వాక్యాన్ని ఎత్తి చూపినవారిని నేను పెద్దగా చూడలేదు. నన్ను దాని దగ్గరికి నడిపించింది మాజీ దౌత్యవేత్తల ఉపన్యాసాలే.

వీరిలో లోపం లేదని కాదు. తాము రాసిన ఒప్పందాన్ని తామే తూకం వేయడం ఎవరికైనా కష్టం. 1975 తర్వాత 2020 దాకా ఆ రేఖ మీద ఘర్షణల్లో ఒక్క ప్రాణం పోలేదన్న లెక్కను వీరు గర్వంగా చెబుతారు. అది నిజమే. కానీ ఇరు సైన్యాలూ ఎదురెదురుగా నిలిచిన ప్రతిష్టంభనలు 2013లో దెప్సాంగ్‌లో, 2014లో లడఖ్‌లోని చుమార్‌లో, 2017లో భూటాన్ వైపున్న డోక్లాంలో (73 రోజులు) వరుసగా జరుగుతున్నా, పాత ఏర్పాటు పగుళ్లిస్తోందని గట్టిగా చెప్పినవారు వీరిలో తక్కువ. అందుకే, తమ అంచనా ఎక్కడ తప్పిందో ఒప్పుకుని మాట్లాడే మాజీ రాయబారికి నేను రెట్టింపు విలువ ఇస్తాను.

ఇదే ప్రమాణంతో 2024 అక్టోబరును చూడండి. 21వ తేదీన విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీ ‘గస్తీ ఏర్పాట్లపై ఒప్పందం’ కుదిరిందన్నారు. మర్నాడు చైనా విదేశాంగ ప్రతినిధి ‘సంబంధిత విషయాల్లో పరిష్కారానికి వచ్చాం’ అన్నారు తప్ప, గస్తీ అన్న మాటే ఎత్తలేదు. అదే రోజు మన సైన్యాధిపతి జనరల్ ద్వివేది, 2020 ఏప్రిల్ నాటి స్థితికి వెళ్లాలని కోరుకుంటున్నామని, బలగాల ఉపసంహరణ, ఉద్రిక్తతల తగ్గింపు ఆ తర్వాతి సంగతులని అన్నారు. రెండు రోజుల్లో మూడు ప్రకటనలు వచ్చాయి, మూడింటి కొలత వేరు. ఈ తేడాను పట్టుకోవడం దౌత్యంలో జుట్టు నెరిసినవారికి వెన్నతో పెట్టిన విద్య. ‘ఒప్పందం కుదిరింది, సమస్య తీరింది’ అన్న శీర్షికతో సరిపెట్టుకున్నవారికి ఇది కనబడదు.

ఉపగ్రహ చిత్రాల విశ్లేషకులు ఏ గుడారం ఎప్పుడు వచ్చిందో చెబుతారు, ఎందుకు వచ్చిందో చెప్పలేరు. రాత్రి తొమ్మిది గంటల టీవీ చర్చలను వదిలేయమనే నా సలహా. వీటన్నిటికన్నా ఒక్కోసారి ఎవరూ పట్టించుకోని ఒక కాగితమే ఎక్కువ చెబుతుంది. 2023 జనవరిలో ఢిల్లీలో జరిగిన పోలీసు ఉన్నతాధికారుల సమావేశానికి లడఖ్ నుంచి వచ్చిన పత్రంలో, కారకోరం కనుమ నుంచి చుమార్ దాకా ఉన్న 65 గస్తీ కేంద్రాల్లో 26 చోట్ల మన ఉనికి పోయిందని రాసి ఉంది. రాసింది విశ్రాంత నిపుణులెవరూ కాదు, అక్కడ విధుల్లో ఉన్న పోలీసు అధికారి.

అందుకే ఈసారి కొత్త బ్యాచ్‌కు నేను పెట్టిన వరుస ఇది: మొదట 1993, 1996 ఒప్పందాల ప్రతులు, వెంటనే వాటిని వివరించే మాజీ దౌత్యవేత్తలు, తర్వాత పటం పరచుకుని సైనికాధికారులు, ఏదైనా మాట ఎక్కడి నుంచి వచ్చిందో అంతుపట్టనప్పుడు చరిత్రకారులు. మొన్నటి తరగతిలో పదో అధికరణ చదివాక ఒక అమ్మాయి లేచి, ‘మరి ఆ రేఖ ఎక్కడుందో తేల్చుకోవడానికి ఎవరూ కూర్చోలేదా సార్?’ అని అడిగింది. కూర్చున్నారు. 2000లో రేఖలోని మధ్య సెక్టార్ (హిమాచల్, ఉత్తరాఖండ్ వైపు) పటాలు మాత్రం ఇచ్చిపుచ్చుకున్నారు, 2002లో పశ్చిమ సెక్టార్ (లడఖ్ వైపు) దగ్గర ఆ పని ఆగిపోయింది. గల్వాన్ ఆ పశ్చిమ సెక్టార్‌లోనే ఉంది.