మొహాలు రావని ముందే చెప్పిన ఆవిడ దగ్గర కొన్న పెయింటింగ్

నేను ప్రింటింగ్ ప్రెస్‌లో పని చేస్తాను. జేబులో ఎప్పుడూ భూతద్దం ఉండే ఉద్యోగం. రంగు పక్కకి జరిగిందా, చుక్క పగిలిందా అని రోజంతా చూస్తూ కూర్చోవాలి. కాబట్టి ఈ రివ్యూలో కాస్త చాదస్తం కనిపిస్తే సర్దుకోండి. ఎనిమిది నెలల కిందట, తీరిక వేళల్లో కాన్వాస్‌ల మీద బొమ్మలు వేసి అమ్మే ఒకావిడ దగ్గర మా నాన్న బొమ్మ వేయించుకున్నాను. ఆవిడ పగలు వేరే ఉద్యోగం చేస్తుంది. బొమ్మలు సాయంత్రాలూ, సెలవు రోజులూ వేస్తుంది. ఎక్కువగా వాళ్ల పిల్లలూ, అమ్మమ్మ, చెట్లూ, వాన పడేముందు ఆకాశం, ఇలాంటివే.

ఆవిడ దాకా ఎందుకు వెళ్లానంటే, అంతకు ముందు ఒకసారి మోసపోయాను. ఒక ఆన్‌లైన్ షాపులో ‘చేత్తో వేసిన పెయింటింగ్’ అని చెప్పి అమ్మితే కొన్నాను. చెరువు, పడవ, పొగమంచు. గోడకి తగిలించాక దూరం నుంచి బాగానే ఉంది. రెండో రోజు అలవాటు కొద్దీ భూతద్దం పెట్టాను. పొగమంచు నిండా ఇంక్‌జెట్ మిషన్ చల్లిన సన్నటి చుక్కలు! దాని మీద బ్రష్షు గీతల్లా కనిపించినది రంగే కాదు, పారదర్శకంగా ఉండే జెల్. ఆ గీతలు కూడా బొమ్మతో సంబంధం లేకుండా పోతున్నాయి. పడవ అంచు ఒక వైపు వంగితే జెల్ గీత ఇంకో వైపు వెళ్తోంది. మా వృత్తిలో ఉన్నవాడినే బోల్తా కొట్టించారంటే మామూలువాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. కొనేముందు దగ్గర నుంచి తీసిన ఫొటో అడగండి. చేత్తో వేసినదైతే రంగు ఒకచోట మందంగా, ఒకచోట పలచగా ఉంటుంది, ఆకు ఎటు తిరిగితే బ్రష్షు గీత అటే తిరుగుతుంది.

సరే, మా బొమ్మ సంగతి. మా పెరట్లో బాదం చెట్టు ఉండేది. గొడుగు మీద గొడుగు పెట్టినట్టు కొమ్మలు అంతస్తులుగా పెరిగే రకం, రాలే ముందు ఆకులు ఎర్రబడేవి. పోయినేడాది గాలివానకి కూలిపోయింది. నాన్న రిటైరైనప్పటి నుంచీ రోజూ పొద్దున్నే ఆ చెట్టు కింద నిలబడి, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, ఇంకో చేత్తో పైపు పట్టుకుని మొక్కలకి నీళ్లు పట్టేవాడు. చెట్టు పోయాక కూడా పడుతున్నాడు గానీ, అమ్మకి ఏదో వెలితి. “ఆయన్ని ఆ చెట్టు కింద చూడ్డం అలవాటైపోయిందిరా” అంది. మా దగ్గర ఉన్నవి ఫోన్‌లో తీసిన నాలుగు ఫొటోలు. ఒక్కదాంట్లోనూ నాన్న మొహం సరిగ్గా లేదు.

ఆవిడకి ఫోన్ చేస్తే మొదటి మాటే, “మొహాలు నాకు రావండీ. ముందే చెప్తున్నా, తర్వాత బాధపడొద్దు” అంది. అమ్మేవాళ్ల నోట ఇలాంటి మాట నేనెప్పుడూ వినలేదు. అక్కడే సగం ఒప్పేసుకున్నాను. తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్నలు చూడండి: నాన్నగారు బరువు ఏ కాలి మీద వేసి నిలబడతారు? నీళ్లు పట్టేటప్పుడు తల వంచుతారా, నిటారుగా ఉంటారా? అప్పుడు ఎండ ఎటు నుంచి పడుతుంది? ఆకులు ఎర్రబడే రోజులా, పచ్చగా ఉండే రోజులా? మొదటి దానికి నా దగ్గర జవాబు లేదు. అమ్మని అడిగితే ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, “ఎడమ కాలు. కుడి మోకాలు నొప్పి కదా” అంది.

పది రోజులకి పెన్సిల్ స్కెచ్ పంపింది. నాన్న వెనక నుంచి కనిపిస్తాడు, మెడ కొంచెం కుడికి వాలి ఉంటుంది. స్కెచ్ దశలో ఎన్ని మార్పులైనా చెప్పొచ్చు, రంగు మొదలెట్టాక ఒక్కసారే అని షరతు. సగం డబ్బు అడ్వాన్స్, మిగతాది బొమ్మ ఫొటో చూసి ఒప్పుకున్నాక. పద్ధతి బాగుంది. గడువు మాత్రం నిలబెట్టుకోలేదు. నాలుగు వారాలంది, ఏడు పట్టింది. ఆలస్యం అవుతుందని ఆవిడంతట ఆవిడ చెప్పలేదు, నేను అడిగినప్పుడే చెప్పింది. నాకు కోపం వచ్చిన సందర్భాల్లో ఇది మొదటిది.

నాకున్న అసలు అనుమానం ఎరుపు మీద. ఎండ పడే గోడల మీద పాత పోస్టర్లు గమనించారా? కొన్నాళ్లకి అన్నీ నీలంగా మిగిలిపోతాయి. ఎరుపు, పసుపు ఇంకులు ముందు వెలిసిపోతాయి, నీలం, నలుపు గట్టిగా నిలబడతాయి. రేపు మా బాదం ఆకులకీ ఇదే గతి పడితే? అడిగాను. ఆవిడ విసుక్కోలేదు. పెయింటింగ్ ట్యూబుల మీద రంగు పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే పిగ్మెంట్ కోడ్ చూడాలంది, పిగ్మెంట్ అంటే రంగునిచ్చే పొడి. అలిజరిన్ క్రిమ్సన్ అని అందమైన ఎరుపు ఉంటుంది, కోడ్ పీఆర్ 83, అది వెలుతురికి వెలిసిపోతుంది, అందుకని వాడను, బదులు క్వినాక్రిడోన్, పీవీ 19 వాడతాను అంది. ట్యూబు మీద ‘హ్యూ’ అని రాసి ఉంటే అది అసలు పిగ్మెంట్ కాదు, దాని రంగుకి దగ్గరగా కలిపినదని కూడా చెప్పింది. హాబీగా వేసే మనిషి దగ్గర ఇంత వివరం వింటానని నేననుకోలేదు. ఆకుపచ్చ మాత్రం ట్యూబు నుంచి నేరుగా వాడదట. అల్ట్రామెరైన్ నీలంలో పసుపు కలిపి, పచ్చదనం మరీ కొట్టొచ్చినట్టు అనిపిస్తే రవ్వంత బర్న్ట్ సియెనా, అంటే ఎర్రమట్టి లాంటి గోధుమ రంగు, వేస్తుంది. ఇది నిజంగా తేడా తెచ్చింది. ఆ ఆకుల్లో ఏ రెండూ ఒకే పచ్చ కాదు.

మధ్యలో ఒకసారి ఫొటో పంపితే నాన్న చొక్కా నీలంగా ఉంది. నేను కంగారు పడి ఫోన్ చేశాను. తెల్లగానే వేశానంటుంది, నాకు నీలంగానే కనిపిస్తోంది. ఇలాంటప్పుడు మా ప్రెస్‌లో చేసే చిట్కా చెప్పాను: బొమ్మ పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి, పగటి వెలుతురులో మళ్లీ తీయండి అని. తీస్తే కాగితం కూడా నీలంగానే వచ్చింది. తప్పు ఫోన్‌ది. అప్పటి నుంచి అందరికీ కాగితం పెట్టే పంపుతున్నానని మొన్న చెప్పింది. కాకపోతే చొక్కా రెండుసార్లు వేయాల్సొచ్చిందట, అది వేరే కారణం. ఆవిడ వాడేది ఆక్రిలిక్, నీళ్లతో కలిసే రంగు. తడిగా ఉన్నప్పుడు దాని జిగురు పాలలా తెల్లగా ఉంటుంది, ఆరాక పారదర్శకం అవుతుంది, దాంతో రంగు ఒక మెట్టు ముదురుతుంది. నీడలో ఉన్న తెలుపు తడిలో సరిపోయి, ఆరాక మట్టి కొట్టుకుపోయినట్టు కనిపించిందని మళ్లీ వేసింది.

బొమ్మ వచ్చిన రోజే రెండో కోపం. బబుల్ రాప్ బుడగలు బొమ్మకి ఆనేలా నేరుగా చుట్టేసింది. దారిలో వేడికి, కింది కుడి మూల రూపాయి బిళ్లల్లా గుండ్రటి మచ్చలు పడ్డాయి. ఆక్రిలిక్ వేడికి మెత్తబడుతుంది, దానికి ఏది ఆనితే దాని అచ్చు పడుతుంది. పైగా వార్నిష్ పంపేముందు రోజే వేసిందట. ఫొటో పంపగానే, “తప్పు నాదేనండీ, తొందరపడ్డాను” అని ఒప్పుకుంది, రాకపోకల ఖర్చు తనే పెట్టుకుని బొమ్మ వెనక్కి తెప్పించుకుని, ఆ మూల సరిచేసి పంపింది. మరో మూడు వారాలు పోయాయి. రెండోసారి మాత్రం ముందు నున్నటి గ్లాసీన్ కాగితం, మూలలకి అట్ట ముక్కలు, అప్పుడు బబుల్ రాప్, అది కూడా బుడగలు బయటికి తిప్పి. మీరు ఎవరి దగ్గర కొన్నా ఈ ఒక్క విషయం ముందే చెప్పండి.

ఇక బొమ్మ. సైజు ఇరవై నాలుగు ఇంటూ ముప్పై అంగుళాలు. దూరం నుంచి చూస్తే చెట్టే ముందు కనిపిస్తుంది, నాన్న తర్వాత. దగ్గరికెళ్తే నడుం మీద పెట్టిన చెయ్యి మొత్తం మూడే మూడు బ్రష్షు పట్లు. వేళ్లు వేయలేదు. అయినా అది నాన్న చెయ్యే. చొక్కా తెలుపంటాం గానీ, అందులో అసలు తెలుపు రెండు చోట్లే ఉంది. భుజం మీద, ఆకుల సందుల్లోంచి ఎండ పడిన చోట. మిగతాదంతా బూడిద కలిసిన నీలం. నాకు అన్నిటికన్నా నచ్చింది పైపులోంచి వచ్చే నీళ్లు. తడి దాదాపు లేని బ్రష్షుతో ఒకే ఒక్క ఈడ్పు. ఆ తెల్ల రంగు, కాన్వాస్ గుడ్డ నేతలో ఉబ్బిన పోగులకి మాత్రమే అంటి, సందుల్లో కింద వేసిన పచ్చ అలాగే మిగిలిపోయింది. నీళ్లు చెదిరినట్టు అచ్చంగా అదే కనిపిస్తుంది. భూతద్దం పెట్టి చూశాను, మొత్తం చూశాను. చుక్కలు లేవు. ఒక ఎర్రటి ఆకు అంచున బ్రష్షు వెంట్రుక ఒకటి రంగులో అంటుకుని ఉండిపోయింది. చెప్తే తీసేస్తానంది, నేనే వద్దన్నాను.

లోపాలు లేవని కాదు. కుడివైపు గోడ మరీ తొందరగా ముగించినట్టుంది, పెన్సిల్ గీత ఒకటి కనిపిస్తూనే ఉంది. పక్క అంచులు తెల్లగా వదిలేసింది. ఫ్రేము కట్టించకుండా తగిలించాలనుకునేవాళ్లకి అది బాగోదు. ముందే అడిగితే అంచులకి కూడా రంగు వేస్తుందట. నన్నయితే అడగలేదు. తగిలించడానికి వెనక తీగ కూడా లేదు.

నాన్న ఐదు నిమిషాలు చూశాడు. “మన పైపు నీలం కదరా, పచ్చ వేసిందేంటి?” అన్నాడు. అంతే. చెట్టు గురించి ఒక్క మాట లేదు. ఫొటోలో పైపు నీడలో ఉంది, ఆవిడకి రంగు తెలియదు, మేమూ చెప్పలేదు. ఫోన్ చేస్తే, అక్కడ నీలం పెడితే చూపంతా పైపు మీదికే పోతుందండీ, అయినా నాన్నగారు మార్చమంటే మారుస్తాను అంది. నాన్నకి చెప్పాను. “వద్దులే, ఉండనీ. వచ్చినవాళ్లకి తప్పు చూపించడానికి ఒకటుంటుంది” అన్నాడు. ఇప్పుడు ఎవరొచ్చినా అదే చూపిస్తున్నాడు. అమ్మ మాత్రం మొదటి రోజు ఆ మెడ వాలు చూసి, ఏమీ అనకుండా లోపలికెళ్లిపోయింది.

ఎన్నాళ్లుంటుందని నాన్నే అడిగాడు ఆవిడని, ఫోన్ నా చేతిలోంచి లాక్కుని. నూనె రంగుల బొమ్మలు వందల ఏళ్లు నిలిచినవి కళ్ల ముందున్నాయి, నీళ్లతో కలిసే ఆక్రిలిక్‌లు అమ్మకానికి వచ్చిందే 1950ల మధ్యలో, కాబట్టి రెండొందల ఏళ్ల ఆక్రిలిక్ బొమ్మని ఇంతవరకు ఎవరూ చూడలేదండీ అంది. “నాకంటే ఎక్కువే ఉంటుందిలే” అన్నాడు నాన్న.

బొమ్మ వెనక ఒక కాగితం అంటించి ఇచ్చింది. నెల, ఏడాది, వాడిన రంగుల కోడ్‌లు, ఏ వార్నిష్, రేపు మాసిపోతే ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు అన్నీ చేత్తో రాసింది. తడి గుడ్డ పెట్టొద్దు, మెత్తటి పొడి బ్రష్షుతో దుమ్ము దులిపితే చాలని ఉంది. కాన్వాస్ బిగించిన చట్రం నాలుగు మూలల్లో దోపడానికి చిన్న చెక్క ముక్కలు కూడా కవర్లో పెట్టి పంపింది. ఐదో నెలలో కాన్వాస్ కొంచెం సడలి, ఎండ పక్కగా పడినప్పుడు పైన ముడతలా కనిపించింది. ఆ ముక్కల్ని మూలల్లో పెట్టి చిన్న సుత్తితో మెల్లగా తడితే చట్రం వెంట్రుకవాసి విచ్చుకుని గుడ్డ బిగిసింది. నాలుగు మూలలా సమానంగా కొట్టాలి, ఒకటే మూల బాదితే చట్రం వంకరపోతుంది. ఇది నేను కొంచెం వంకర చేశాకే తెలుసుకున్నాను.

మా చెల్లెలు తనకీ ఒకటి కావాలంటే, ప్రెస్‌లో ప్రింటు తీసి ఇవ్వొచ్చా అని ఆవిడని అడిగాను. ఇంట్లో పెట్టుకోవడానికైతే తీసుకోండి, అమ్మకానికి వద్దు అంది. తీశాను. నిజం చెప్పాలంటే మా మిషన్ ఆ ఎరుపుని పట్టుకోలేకపోయింది, నాలుగు ఇంకులతో అది రాదు. చెల్లెలికి తేడా తెలియలేదు. నేనూ చెప్పలేదు.

మొహం స్పష్టంగా పోలిక రావాలనుకునేవాళ్లు ఈవిడ దగ్గరికి వెళ్లొద్దు, ఆవిడే పంపేస్తుంది. ఫలానా తేదీకి బహుమతిగా ఇవ్వాలి అనుకునేవాళ్లూ వద్దు, టెన్షన్‌తో పోతారు. ఇంట్లో మనిషి ఎలా నిలబడతాడో, ఎలా కూర్చుంటాడో చెప్పగలిగితే చాలు, తొందర లేకపోతే వెళ్లండి. ఐదుకి నాలుగు ఇస్తాను. పోయిన ఒకటి బబుల్ రాప్‌కి. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని చదువుకునే బొమ్మ ఒకటి వేయమని పోయిన వారం అడిగాను. నా ముందు ఇద్దరున్నారట. ఎన్ని వారాలని అడిగితే ఈసారి ఎనిమిది అని చెప్పింది, నేను పన్నెండు రాసుకున్నాను.