నాలుగు సెంట్లదా, పది సెంట్లదా? రోదసి స్టాంపుల్లో ఏది మేలు?

రోదసి స్టాంపుల సేకరణ మొదలుపెట్టేవారు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. అమెరికా స్టాంపుల్లో ముందు ఏది కొనాలి? అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్ భూమిని చుట్టి వచ్చినప్పటి 4 సెంట్లదా, మనిషి చంద్రుడి మీద కాలుపెట్టినప్పటి 10 సెంట్లదా? రెండూ నా దగ్గర ఉన్నాయి. ఇప్పుడు బల్ల మీద పక్కపక్కనే పెట్టుకుని భూతద్దంతో చూస్తూ రాస్తున్నాను.

చూడగానే మనసు దోచేది పది సెంట్లదే, అందులో సందేహం లేదు. 1969 సెప్టెంబరు 9న విడుదలైన ఈ విమాన తపాలా స్టాంపు మామూలు స్మారక స్టాంపుకు దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. బొమ్మ గీసినవాడు పాల్ కాల్. నల్లని ఆకాశంలో భూగోళం, పక్కన దిగుడు నౌక, అప్పుడే చంద్రుడి నేల మీద పాదం మోపుతున్న వ్యోమగామి. ముద్రణలో కొంత మామూలు రంగుల పని, కొంత లోహపు దిమ్మెపై చెక్కిన పని. వేలితో తాకకుండా పట్టకారుతో పట్టుకుని, దీపం వెలుతురుకు ఏటవాలుగా తిప్పితే, చెక్కుడు గీతల సిరా కాగితం మీద లేచి నిలబడినట్టు కనిపిస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ క్షణం ముచ్చటగానే ఉంటుంది. పైగా, ఈ స్టాంపు అసలు అచ్చుదిమ్మె అపోలో 11తో పాటు చంద్రుడి దాకా వెళ్లి వచ్చింది. దాని నుంచి తీసిన పలకలతోనే స్టాంపులు అచ్చువేశారు.

దాని పక్కన నాలుగు సెంట్లది చిన్నది, నిరాడంబరమైనది. ముదురు నీలం, పసుపు, అంతే. భూమి పైన తేలుతున్న మెర్క్యురీ నౌక (గ్లెన్ ప్రయాణించిన రకం), చుట్టూ నక్షత్రాలు. గ్లెన్ పేరు ఎక్కడా లేదు. జీవించి ఉన్నవారిని స్టాంపుపై గౌరవించకూడదని అప్పట్లో అమెరికాలో నియమం. అందుకే పది సెంట్ల స్టాంపుపైనా ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు కనిపించదు.

అయితే ఈ చిన్న స్టాంపు పుట్టుక కథ వింటే దాన్ని చూసే చూపే మారిపోతుంది. దీన్ని రహస్యంగా తయారుచేశారు. చిత్రకారుడు చార్లెస్ చికరింగ్ ఇంట్లో కూర్చుని బొమ్మ గీశాడు. అచ్చయిన స్టాంపులను మూసి ముద్రవేసిన పొట్లాల్లో 300కు పైగా తపాలా కార్యాలయాలకు పంపారు. లోపల ఏముందో అక్కడివారికి చెప్పలేదు. గ్లెన్ ప్రయాణమేమో వాతావరణం వల్ల, సాంకేతిక చిక్కుల వల్ల వాయిదా మీద వాయిదా పడుతూ వచ్చింది. చివరకు 1962 ఫిబ్రవరి 20న భూమిని మూడుసార్లు చుట్టి, 4 గంటల 55 నిమిషాల తర్వాత ఆయన అట్లాంటిక్ సముద్రంలో దిగాడు. తిరుగు ప్రయాణంలో వేడి కవచం ఊడిపోతుందేమోనని కింద ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టి కూర్చున్న రోజది. ఆయన క్షేమంగా దిగిన గంటలోపే, మధ్యాహ్నం 3:30కి, పొట్లాలు విప్పి స్టాంపులు అమ్మకానికి పెట్టారు. ఘటన జరిగిన రోజే దాని స్మారక స్టాంపు వెలువడటం అమెరికాలో అదే మొదలు. ఆ ప్రయాణం విఫలమై ఉంటే ఈ బొమ్మ ఎవరి కంటా పడేది కాదు.

నా తీర్పును తేల్చింది మాత్రం తపాలా ముద్ర. పది సెంట్ల స్టాంపు తొలిరోజు కవర్ల మీద, అంటే విడుదల రోజు ముద్రతో వచ్చిన కవర్ల మీద, రెండు ముద్రలు కనిపిస్తాయి: ఒకటి వాషింగ్టన్‌ది, సెప్టెంబరు 9, రెండోది ‘మూన్ లాండింగ్, జులై 20’. జులై 20న ఈ స్టాంపు ఇంకా ప్రజల చేతికి రాలేదు. విడుదలైంది 51 రోజుల తర్వాత. అపోలో 11 వ్యోమగాములు తమ వెంట తీసుకెళ్లిన కవరు మీద కూడా ఆ తేదీ ముద్రను తిరుగు ప్రయాణంలో, జులై 22న వేశారు. ఇందులో మోసం ఏమీ లేదు, గుర్తుగా వేసిన తేదీ అంతే. కానీ నాలుగు సెంట్ల కవరు మీద ఉన్న తేదీ, గంట ఆ రోజువే, ఆ గంటవే. గ్లెన్ బయలుదేరిన కేప్ కెనావెరల్ ముద్రలో 3:30 అని చదువుతుంటే, ఆ మధ్యాహ్నం కౌంటరు ముందు నిలబడ్డవాళ్ల సంబరం నాకు అందుతుంది.

ధర విషయంలో పెద్ద తేడా లేదు. నాలుగు సెంట్లవి సుమారు 28 కోట్ల 90 లక్షలు, పది సెంట్లవి 15 కోట్లకు పైగా అచ్చయ్యాయి. రెండూ సులువుగా, చవకగా దొరుకుతాయి. ఒక్క జాగ్రత్త: పది సెంట్ల స్టాంపులో వ్యోమగామి భుజం మీది జెండాలో ఎర్ర చారలు అచ్చుపడని కాపీలు కొన్ని ఉన్నాయి. వాటికి చాలా విలువ. ఎవరైనా అలాంటిది చూపిస్తే జెండా ఒక్కటే చూడకండి, పసుపు భాగాల మీద ఎర్ర చుక్కలు ఉన్నాయేమో వెతకండి. ఒక్క చుక్క ఉన్నా అది ఆ అరుదైన పొరపాటు స్టాంపు కాదు. నిపుణుల ధ్రువపత్రం లేకుండా డబ్బు ఇవ్వకండి.

2019లో అపోలో యాభయ్యేళ్ల సందర్భంగా వచ్చిన జంట స్టాంపుల్లో అపోలో 11 వ్యోమగామి ఆల్డ్రిన్ ఫొటో ఒకటి, చంద్రుడి ఫొటో ఒకటి. అందంగానే ఉన్నాయి, కానీ ఈ పోటీలో వాటిని నిలబెట్టలేను. మన 1975 నాటి ఆర్యభట్ట ఉపగ్రహం 25 పైసల స్టాంపు, 1984లో రాకేశ్ శర్మ యాత్రకు వచ్చిన 3 రూపాయల స్టాంపు మాత్రం ఏ ఆల్బమ్‌లోనైనా వీటి పక్కనే ఉండాలి. అవి లేకుండా రోదసి స్టాంపులు సేకరిస్తున్నానని చెప్పేవారిని చూస్తే నాకు బాధగా ఉంటుంది.

ఒక్కటే కొనగలిగితే నాలుగు సెంట్లదే కొనండి, అదీ కవరు మీద ఉన్నది. చిన్నపిల్లలకు కానుక ఇవ్వాలంటే పది సెంట్లది, ముద్ర పడనిది, జిగురు చెదరనిది ఇవ్వండి, భూతద్దం కూడా జతచేసి. కవరు కొనేటప్పుడు స్టాంపు కంటే ముందు ముద్ర చదవండి: ఊరు, ఫిబ్రవరి 20, ఆ పక్కన గంట. సిరా అలుక్కుపోయి గంట కనిపించకపోతే ఆ కవరు వదిలేసి ఇంకొకటి అడగండి, దొరుకుతుంది.